వదులైన గేర్ లివర్‌కు కొత్త బుష్షులు: కడపలోని ఒక చిన్న షెడ్డు పనితనంపై సమీక్ష

మారుతి 800 గేర్ లివర్ చేతిలో వదులుగా ఊగుతూ, మొదటి గేరు కోసం తోస్తే మూడో గేరు పడుతూ ఉంటే, గేర్‌బాక్సు విప్పడానికి ఒప్పుకొనే ముందు లివరుకూ గేర్‌బాక్సుకూ నడుమ కీళ్లలో ఉండే బుష్షులను (నైలాన్, రబ్బరు తొడుగులను) తప్పక చూపించుకోవాలి. కడపలో రాయచోటి రోడ్డు వైపున్న ఒక చిన్న మెకానిక్ షెడ్డులో మా కారుకు ఈ బుష్షులను ఇటీవలే మార్పించాను. పని చక్కగా జరిగింది. దేనినీ విప్పకముందే లోపం ఎక్కడుందో తేల్చుకొని, దానిని నా కంటికి చూపించి, ఆ తరువాతే స్పానర్ పట్టిన పద్ధతి నాకు ఎంతో నచ్చింది. ఆ పద్ధతి గురించీ, వేసిన సామాను గురించీ, మెరుగుపరచుకోవలసిన ఒకటి రెండు విషయాల గురించీ ఇలాంటి పాత కార్లు నడుపుకొనే వారి కోసం వివరంగా రాస్తున్నాను.

మారుతి 800 మొదటి బండి 1983 డిసెంబరులో రోడ్డెక్కింది, 2014 జనవరితో ఉత్పత్తి ఆగిపోయింది. అంటే ఈ కార్లలో అన్నిటికన్నా కొత్తది కూడా పదేళ్లు దాటినదే. ఇంజను, గేర్‌బాక్సు ఇంకా బలంగా ఉన్న బండ్లలో సైతం రబ్బరు, నైలాన్ భాగాలు ఆ వయసుకు గట్టిపడి, పగిలి, అరిగిపోతాయి. వేసవిలో మన కడపలో 40 డిగ్రీలు దాటడం ఏటా ఉన్నదే. దానికి తోడు ఈ కారులో గేర్ రాడ్లు, సైలెన్సర్ పైపు రెండూ అడుగుభాగంలో దగ్గరదగ్గరగా సాగుతాయి కనుక, పైన ఎండ, కింద పైపు వేడి, వీటికి తోడు మట్టి రోడ్ల దుమ్ము కలిసి ఆ బుష్షులను త్వరగా తినేస్తాయి. గేర్‌బాక్సు నుంచి బయటికి వచ్చే షాఫ్టు దగ్గర ఆయిల్ సీలు కారుతూ ఉంటే పరిస్థితి మరింత చెడుతుంది, ఎందుకంటే నూనె తగిలిన మామూలు రబ్బరు ఉబ్బి మెత్తబడి, పట్టు కోల్పోతుంది.

ఈ అమరిక పని చేసే తీరు తెలిస్తే తక్కిన విషయం సులభంగా అర్థమవుతుంది. ఈ కారులో ఇంజనూ గేర్‌బాక్సూ ముందు బానెట్ కింద అడ్డంగా ఉంటాయి, లివరేమో డ్రైవరు పక్కన నేల మీద ఉంటుంది. రెంటినీ కలుపుతూ కారు అడుగున రెండు ఇనుప రాడ్లు వెళతాయి. ఒకటి మన చేతి కదలికను గేర్‌బాక్సుకు చేరవేస్తుంది. ముందుకూ వెనక్కూ జరిగితే గేరు పడుతుంది, తన చుట్టూ తాను కొద్దిగా తిరిగితే మొదటి, రెండో గేర్ల వరుస నుంచి మూడు, నాలుగు వరుసకు మారుతుంది. రెండో రాడ్డు గేర్లు వేయదు. ఇంజను అదిరినప్పుడు, యాక్సిలరేటర్ తొక్కగానే ఒక పక్కకు ఒరిగినప్పుడు లివరు అడుగుభాగం కూడా దానితో పాటే కదిలేటట్లు పట్టి ఉంచడం దాని పని. ఈ రాడ్ల చివరల్లోనూ, లివరు మీది ఇనుప బంతి కూర్చొనే గిన్నెలోనూ, లివరు కింది కొసలోనూ నైలాన్, రబ్బరు బుష్షులుంటాయి. ఇనుముకు ఇనుము తగలకుండా, వదులు లేకుండా, మెత్తగా కదిలేటట్లు చూసేవి అవే.

లివరు ఆ బంతి మీద ఊగే కర్ర లాంటిది, బంతికి పైన ఉన్న భాగం కింది భాగం కన్నా చాలా పొడవుగా ఉంటుంది. పైభాగం కింది దానికి అయిదు రెట్లుందని అనుకుంటే, అడుగున ఒక్క మిల్లీమీటరు వదులు పైన నాబ్ దగ్గర అయిదు మిల్లీమీటర్ల ఊగుడుగా కనిపిస్తుంది. ఇలాంటి కీళ్లు మూడు నాలుగు చోట్ల ఉండి, ప్రతి చోటా కాస్త కాస్త అరిగి ఉంటే, ఆ వదులంతా కలిసి నాబ్ దగ్గరికి వచ్చేసరికి లివరు న్యూట్రల్‌లో ఉందో గేరులో ఉందో చేతికి తెలియని స్థితి వస్తుంది. మా బండి సరిగ్గా ఆ స్థితికే చేరింది. రివర్స్ వేయాలంటే లివరును పక్కకు బలంగా అదిమిపట్టి తోయవలసి వచ్చేది, మూడో గేరులో వెళుతుంటే నాబ్ గడగడమని శబ్దం చేసేది.

ఈ షెడ్డుకు రాకముందు ఊళ్లోనే మరొక వర్క్‌షాపులో చూపించాను. అక్కడ ఎవరూ కారు కిందికి వంగి చూడలేదు. ఒకసారి అటూ ఇటూ నడిపి చూసి, గేర్‌బాక్సు దించి లోపల సింక్రోనైజర్ రింగులూ (గేరు సాఫీగా పడేటట్లు వేగాలను కలిపేవి), ఫోర్కులూ (గేర్లను జరిపేవి) మార్చాలని చెప్పారు. చెప్పిన ఖర్చు బండి ఇప్పటి ధరలో గణనీయమైన భాగం. పరీక్ష చేయకుండా చికిత్స నిర్ణయించడం ఏ వృత్తిలోనైనా తప్పే. గేర్‌బాక్సు దించడమంటే డ్రైవ్ షాఫ్టులు, క్లచ్ కేబులు, ఇంజనును పట్టి ఉంచే మౌంటింగులు అన్నీ విప్పడం. ఆ పని అవసరం లేని బండికి చేస్తే డబ్బు పోవడంతో ఆగదు, బాగున్న సీళ్లు కూడా కదిలి కొత్త లీకులు మొదలయ్యే ప్రమాదముంది.

రాయచోటి రోడ్డు షెడ్డులోని పెద్దాయన చేసిన పరీక్ష ఇందుకు పూర్తిగా భిన్నంగా సాగింది. మొదట ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, అన్ని గేర్లూ ఒక్కొక్కటిగా వేసి చూశారు. తరువాత ఇంజను నడుస్తుండగా అదే పని చేశారు. ఆపి ఉన్నప్పుడు గేర్లు హాయిగా పడి, ఇంజను నడుస్తున్నప్పుడు మాత్రమే మొరాయిస్తే లోపం సాధారణంగా క్లచ్‌లో ఉంటుంది. ఏదో ఒక్క గేరు మాత్రమే ప్రతిసారీ గరగరలాడితే గేర్‌బాక్సు లోపల ఆ గేరు సింక్రోనైజర్‌ను అనుమానించాలి. ఇంజను నడిచినా నడవకపోయినా లివరు ఒకే తీరుగా వదులుగా ఉండి, గేరు దొరకడమే కష్టమై, దొరికాక శబ్దం లేకుండా పడుతుంటే, లోపం బయటి రాడ్ల దగ్గరే ఉంటుంది. మాది ఈ మూడో కోవకు చెందినదని ఆయన అయిదు నిమిషాలలో తేల్చారు.

అంతటితో వదలకుండా బండిని పిట్ మీదికి ఎక్కించి నన్ను కూడా కిందికి దిగమన్నారు. పని నేర్చుకొంటున్న కుర్రవాడిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, "అబ్బీ, లివరు మెల్లగా ఆడించు, గేరు వేయొద్దు" అని చెప్పి, టార్చి వెలుగు రాడ్డు చివరి కీలు మీద వేశారు. పైన కుర్రవాడు లివరును కదిపిన ప్రతిసారీ రాడ్డు కదులుతోంది గానీ, గేర్‌బాక్సు షాఫ్టు మాత్రం కాసేపు కదలకుండా ఉండి, ఆ తరువాత టక్కుమని జరుగుతోంది. బోల్టు చుట్టూ ఉండవలసిన బుష్షు స్థానంలో నల్లటి పొడి, పక్కకు నలిగిపోయిన రబ్బరు అంచు మాత్రమే మిగిలాయి. "చూస్తిరా సార్, గేర్ బాక్సు బంగారంగా ఉంది. బుష్షులు పోయినాయి అంతే. దాన్ని దించే పని లేదు" అన్నారు. ఇంజను మౌంటింగులను కూడా కడ్డీతో లేపి చూసి, అవి బాగున్నాయని చెప్పారు. మౌంటింగు రబ్బరు పోయినా ఇంజను ఒరిగి లివరు ఊగినట్లే కనిపిస్తుంది కనుక, ఈ పరీక్షను వదిలిపెట్టకపోవడం నాకు చాలా సంతృప్తి కలిగించింది.

కడప, రాయచోటి నడుమ ఉన్న గువ్వలచెరువు ఘాటు మీదుగా తరచూ వెళ్లి వచ్చే వారికి ఈ లోపం ఎంత ప్రమాదకరమో వేరుగా చెప్పనవసరం లేకపోయినా, ఒక విషయం మాత్రం చెప్పి తీరాలి. బుష్షులు అరిగితే చేయి లివరును చివరిదాకా నెట్టినా, గేర్‌బాక్సు లోపల గేరును పట్టుకొనే పళ్ల తొడుగు (స్లీవ్) పూర్తిగా కూర్చోదు. సగం పట్టుతో ఉన్న పళ్లు భారం పడినప్పుడో, యాక్సిలరేటర్ వదిలినప్పుడో విడిపోయి గేరు న్యూట్రల్‌లోకి జారిపోతుంది. ఘాటు దిగేటప్పుడు రెండో గేరులో ఇంజను ఇచ్చే నిరోధాన్ని నమ్ముకొని మలుపు తిరుగుతూండగా అలా జరిగితే, బండి బరువంతా ఒక్కసారిగా బ్రేకుల మీద పడుతుంది. పైగా సగం పట్టుతో నెలల తరబడి నడిపితే ఆ పళ్ల అంచులు గుండ్రంగా అరిగి, మొదట కొద్ది ఖర్చుతో పోయేది చివరికి నిజంగానే గేర్‌బాక్సు పని అయి కూర్చుంటుంది. అందుకే లివరు కాస్త వదులైనప్పుడే చూపించుకోవడం మంచిదని గట్టిగా చెబుతున్నాను.

సామాను విషయానికి వస్తే, గేర్ లివర్ కిట్ అని అడిగితే స్పేర్ పార్ట్స్ దుకాణాలలో ఇస్తారు. అందులో బంతి గిన్నె, నైలాన్ బుష్షులు, వాషర్లు వస్తాయి. రాడ్డు చివర రబ్బరు బుష్షులను వేరుగా అడగాలి. దుకాణంలో రెండు రకాలు చూపించారు. లోకల్ కిట్‌లోని నైలాన్ బుష్షు అంచు గోరుతో గీస్తే పొట్టు లేస్తోంది, లోపలి రంధ్రం కూడా సరిగా గుండ్రంగా లేదు. కంపెనీ ప్యాకెట్‌లోది నున్నగా, బోల్టు దూర్చితే వదులు లేకుండా, బిగుసుకోకుండా తిరుగుతోంది. ధరలో తేడా ఒక పూట భోజనం ఖర్చుకు మించదు. పని చేయించే కూలి రెంటికీ ఒకటే కనుక, ఇక్కడ చవకది ఎంచుకోవడంలో ఏ అర్థమూ లేదు. లేతులో ఇత్తడి బుష్షులు చేయించి వేసుకొంటే ఎన్నేళ్లయినా అరగవని కొందరు సలహా ఇస్తారు. అవి ఎక్కువ కాలం మన్నుతాయన్న మాట నిజమే గానీ, మెత్తదనం లేనందువల్ల ఇంజను అదురు నేరుగా లివరులోకి వస్తుంది, గ్రీజు ఆరిపోతే ఈసారి అరిగేది బుష్షు కాక బోల్టూ రాడ్డూ అవుతాయి. రోజూ కుటుంబంతో తిరిగే కారుకు కంపెనీ ఇచ్చిన నైలాన్, రబ్బరు జతే సరైనదని షెడ్డు పెద్దాయన అన్నారు, నా అభిప్రాయమూ అదే.

బిగింపు పనిలో ఆయన చూపిన శ్రద్ధ గురించి కొంత వివరంగా చెప్పాలి. వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, సైలెన్సర్ చల్లారేదాకా ఆగి, అప్పుడు బోల్టులకు నూనె పట్టించారు. పాత బుష్షును సుత్తితో కొట్టి బయటికి తీయలేదు. బుష్షు కన్నా కాస్త చిన్న సాకెట్‌ను ఒక వైపు, పెద్ద సాకెట్‌ను మరొక వైపు పెట్టి బెంచి వైస్‌లో బిగిస్తూ పోతే, అది మెల్లగా జరిగి పెద్ద సాకెట్‌లోకి వచ్చేసింది. రాడ్డు కన్ను (బుష్షు కూర్చొనే రంధ్రం) లోపల పేరుకొన్న తుప్పును గుండ్రంగా చుట్టిన ఎమరీ కాగితంతో రుద్ది, గుడ్డతో తుడిచి, వేలు పెట్టి తడిమి చూశారు. ఎక్కడైనా గరుకు మిగిలితే కొత్త నైలాన్‌ను అది కొద్ది నెలల్లో కోసేస్తుందని చెప్పారు. కొత్త నైలాన్ బుష్షులను పక్కనే ఉన్న టీ బంకు నుంచి తెప్పించిన వేడి నీళ్లలో కాసేపు ఉంచారు. ఆ వేడికి మెత్తబడిన బుష్షు చేతి బలంతోనే కన్నులోకి దూరి, చల్లారాక బిగిసి కూర్చుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం బోల్టు. విప్పిన పాత బోల్టును ఆయన నా చేతిలో పెట్టి బొటనవేలితో తడమమన్నారు. బుష్షు తిరిగే చోట బోల్టు చుట్టూ సన్నని గాడి పడి ఉంది. కంటికి అంతగా కనిపించదు గానీ వేలికి స్పష్టంగా తెలుస్తుంది. అరిగిన బోల్టు మీద కొత్త బుష్షు వేస్తే మొదటి రోజు నుంచే వదులు ఉంటుంది, బుష్షులు మార్చినా ఫలితం లేదని చాలామంది అనుకోవడానికి ఇదే ప్రధాన కారణం. ఆయన బోల్టునూ, దాని మీది ఇనుప గొట్టాన్నీ కూడా కొత్తవి వేశారు. బోల్టు ఊడకుండా ఆపే పాత స్ప్లిట్ పిన్నును వంచి మళ్లీ వాడకుండా కొత్తది పెట్టారు. రబ్బరు ఉన్న చోట మామూలు చాసిస్ గ్రీజు పూయకుండా సిలికాన్ గ్రీజు వాడారు, ఎందుకంటే పెట్రోలియం గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. రెండో రాడ్డు రబ్బరు బుష్షు బోల్టును ముందు వదులుగా బిగించి, లివరును న్యూట్రల్‌లో నిలిపి, రాడ్డు తన సహజ స్థానంలో ఉన్నప్పుడే పూర్తిగా బిగించారు. రబ్బరు మెలికపడిన స్థితిలో బిగిస్తే అది ఎప్పుడూ ఒక పక్కకు లాగుతూ ఉండి త్వరగా చిరిగిపోతుంది.

చివరగా, న్యూట్రల్‌లో లివరు నిటారుగా, మూడో గేరుకూ నాలుగో గేరుకూ సరిగ్గా మధ్యలో ఉండేటట్లు సర్ది, ఇంజను ఆపి ఉండగానే ప్రతి గేరూ, రివర్సూ వేసి చూపించారు. ఆ తరువాత నన్నే నడపమని, తాను పక్కన కూర్చొన్నారు. అప్పటిదాకా నాబ్ దగ్గర ఉన్న గడగడ పూర్తిగా పోయింది. మొదటి గేరు చిన్న టక్కుతో పడుతోంది, పడిందని చేతికి తెలుస్తోంది. రెండు నుంచి మూడుకు వెళ్లేటప్పుడు లివరు తనంతట తానే మధ్యకు వచ్చి నిలుస్తోంది. ఈ పని తరువాత ఘాటు మీదుగా రాయచోటికి వెళ్లి వచ్చినప్పుడు, దిగుడులో రెండో గేరు ఒక్కసారి కూడా జారలేదు. మా ఇంట్లో ఇంతకు ముందు ఈ కారు నడపడానికి వెనకాడిన వారు ఇప్పుడు నిశ్చింతగా నడుపుతున్నారు.

సామానూ కూలీ కలిపి రెండు వేల రూపాయల లోపే అయింది. అందులో సగానికి పైగా కూలికే పోయింది. పిట్‌లో మెడ ఎత్తి, ముఖం మీద తుప్పు రాలుతుండగా ఒక పూటంతా చేసే పనికి ఆ కూలి ఎంతమాత్రమూ ఎక్కువ కాదు. అడగకుండానే పాత బుష్షులన్నిటినీ ఒక కవరులో వేసి ఇచ్చారు.

లోటుపాట్లు కూడా చెప్పడం న్యాయం. ఈ షెడ్డులో బిల్లు ఇవ్వరు, చేసిన పని వివరాలూ తేదీ ఒక కాగితం మీద రాయించుకోవాలంటే మనమే అడగాలి. బండిని తరువాత అమ్ముకొనే వారికీ, మళ్లీ అదే లోపం వస్తే మాట్లాడవలసిన వారికీ ఆ కాగితం అవసరం. ఆయన అన్ని బోల్టులూ చేతి అంచనాతోనే బిగిస్తారు, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచి వాడరు. అనుభవం ఉన్న చేయి కనుక ఇంతవరకు ఏదీ వదులు కాలేదు, అయినా గేర్ రాడ్డు కీలు లాంటి చోట కొలతతో బిగించడమే సరైన పద్ధతి. కూర్చోవడానికి నీడ తక్కువ, వేసవిలో మధ్యాహ్నం వెళ్లేవారు బండిని ఇచ్చేసి రావడమే మంచిది. పని ఎక్కువగా ఉన్న రోజుల్లో కుర్రవాళ్లకు అప్పగించే అవకాశం ఉంది కనుక, ముందుగా మాట్లాడుకొని, ఈ పనిని పెద్దాయన చేతనే చేయించుకోండి.

రాడ్లకు బదులు రెండు కేబుళ్లతో గేర్లు మార్చే ఇటీవలి కార్ల వారికి ఒక సూచన. వాటిలోనూ కేబుల్ చివర, గేర్‌బాక్సు మీది లివరును పట్టుకొనే చోట చిన్న ప్లాస్టిక్ బుష్షు ఉంటుంది. అది పగిలితే కేబుల్ ఊడి వచ్చి, లివరు ఏ పట్టూ లేకుండా తిరుగుతుంది, గేరు అసలే మారదు. షోరూములలో తరచుగా కేబుల్ మొత్తాన్ని మార్చమంటారు. కేబుల్ తీగ, దాని పైతొడుగు బాగుంటే బుష్షు ఒక్కటి మార్చుకొంటే సరిపోతుంది గానీ, మోడల్‌ను బట్టి బుష్షు కొలత మారుతుంది కనుక సరిగ్గా సరిపోయేది దొరకాలి. ఈ షెడ్డులో ఆ బుష్షులు నిల్వ ఉంచరు. బండి మోడలూ సంవత్సరమూ ముందుగా చెబితే తెప్పించి పెడతామన్నారు, వచ్చాకే బండి తీసుకురమ్మంటారు. మారుతి 800 వారు మాత్రం కంపెనీ ప్యాకెట్ కిట్టునూ, కొత్త బోల్టునూ దుకాణంలో కొని, వాటిని వెంట తీసుకొని ఉదయాన్నే వెళితే సాయంత్రానికి బండి చేతికి వస్తుంది.